బాదం పాలడిగితే బర్రె పాలిచ్చాడు: గింజల పాల డబ్బా ఎంచుకోవడం ఎలా

రెండేళ్ల కింద కడుపు ఉబ్బరంతో డాక్టర్ దగ్గరికి పోతే, నాలుగు వారాలు పాలు మానేసి చూడమన్నారు. పెరుగు తినొచ్చట, పాలే వద్దట. పొద్దున చాయ్ పడందే నాకు ఏ పనీ తోచదు. సరే, బాదం పాలతో కానిద్దామని హన్మకొండలో మా వీధి చివరి దుకాణానికి పోయాను.

"అన్నా, బాదం పాలున్నయా?"

"ఎందుకు లేవక్కా," అంటూ ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీసిచ్చాడు. వెనక్కి తిప్పి చూస్తే లిస్టులో మొదటి మాటే పాలు. రెండోది చక్కెర. ఆ తర్వాత పసుపు రంగు, వాసన కోసం ఏదో, చివరికెక్కడో బాదం.

"ఇవి మామూలు పాలే కదన్నా?"

"బాదం ఫ్లేవర్ అక్కా. మంచిగుంటది."

మంచిగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. మన దగ్గర బాదం మిల్క్ అంటే బాదం పొడి, చక్కెర వేసిన గేదె పాలో ఆవు పాలో అన్నట్టే. అందుకే ఈ విషయం పేరు దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

1. దుకాణంలో ఏమని అడగాలి

మన దేశంలో గింజల నుంచి తీసిన వాటి డబ్బా మీద 'మిల్క్' అని రాయడానికి వీల్లేదు. పాలంటే పశువు పాలే అని ఆహార నిబంధనలు చెబుతాయి. 2021లో దేశంలో ఆహార నిబంధనలు చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు కూడా ఇదే చెప్పి, పాల పేరుతో పెట్టిన గింజల పానీయాలను తీసేయమంది. కొబ్బరి పాలకు మాత్రం ఆ పేరు మొదటి నుంచీ ఉన్నదే కాబట్టి మినహాయింపు ఉంది. అందుకని మీరు వెతకాల్సింది 'ఆల్మండ్ డ్రింక్', 'సోయా బెవరేజ్', 'ఓట్ డ్రింక్' లాంటి పేర్లు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు 'ప్లాంట్ బేస్డ్' అని కొట్టి వెతికితే త్వరగా దొరుకుతాయి. డబ్బా మీద బాదం బొమ్మ చూసి మోసపోకండి.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం అని మనకు తెలుసు, కానీ పాలూ నెయ్యీ కూడా ఆ చుక్క కిందికే వస్తాయి. పశువుల నుంచి వచ్చినవి ఏవీ లేవని చెప్పే గుర్తు వేరు. ఆకుపచ్చ రంగులో ఇంగ్లిష్ V అక్షరం, దాని మీద చిన్న ఆకు. వీగన్ ఆహారాల నిబంధనలు 2022లో వచ్చాక ఈ గుర్తు కనిపిస్తోంది.

2. ముందు ఎందుకో తేల్చుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా డబ్బా కొంటారు. నేనూ అదే చేశాను.

మీ ఇబ్బంది పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడమే అయితే, గింజల పాలు తప్పనిసరేమీ కాదు. లాక్టోజ్ తీసేసిన మామూలు పాలు దొరుకుతాయి. వాటిలో ప్రొటీన్, కాల్షియం ఎక్కడికీ పోవు. చాలామందికి పెరుగు, మజ్జిగ బాగానే అరుగుతాయి. అదే పాల ప్రొటీన్‌కే అలర్జీ ఉంటే సంగతి వేరు. అప్పుడు లాక్టోజ్ లేని పాలూ పనికిరావు, కొబ్బరి పాల పొడి కొనేటప్పుడు కూడా వెనక చదవాలి. కొబ్బరి పాల పొడుల్లో చాలావాటిలో సోడియం కేసినేట్ కలుపుతారు. అది పాల ప్రొటీనే. 'నాన్ డెయిరీ' అని రాసుకునే, కాఫీలో పాల బదులు కలిపే పొడుల్లోనూ చాలావాటిలో ఇదే ఉంటుంది. లిస్టు కింద 'కంటెయిన్స్ మిల్క్' అన్న మాట ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

పిల్లల విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. ఏడాది లోపు పసివాళ్లకు తల్లిపాలకు బదులుగానో, డాక్టర్ చెప్పిన డబ్బా పాలకు బదులుగానో ఏ గింజల పాలూ పట్టకూడదు. ఇంట్లో తీసినవైనా సరే. ఆ పైన అయిదేళ్ల దాకా కూడా పిల్లల డాక్టర్‌ని అడిగాకే. ఓట్స్, బాదం, బియ్యం పాలలో ప్రొటీన్ చాలా తక్కువ. వాటితో పోలిస్తే సోయా ఆవు పాలకు దగ్గరగా వస్తుంది. వంద మిల్లీలీటర్లకు మూడు గ్రాముల చుట్టూ ఉంటుంది.

3. డబ్బా తిప్పండి

ముందు వైపున్న రాతలన్నీ అమ్ముకునేవాళ్ల కోసం. మనకు కావాల్సింది వెనక వైపు, మడత కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. దుకాణంలో ఎవరైనా చూస్తున్నారని మొహమాటపడకండి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో లేబుల్ చదివి కొనమని కూడా ఉంది. కాబట్టి మీరు చేస్తున్నది మర్యాద తక్కువ పనేమీ కాదు.

పదార్థాల లిస్టు బరువును బట్టి రాస్తారు. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర. గింజల పాలలో నీళ్లే ముందు ఉంటాయి, అది సహజం. రెండో పేరు ఏమిటో చూడండి. అది గింజ అయితే సరే. గింజ కంటే ముందు చక్కెర ఉంటే, ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. మీరు కొంటున్నది గింజ వాసన తగిలిన చక్కెర నీళ్లు.

తర్వాత శాతం చూడండి. డబ్బా మీద బాదం పేరుంటే, అందులో బాదం ఎంత శాతమో సాధారణంగా బ్రాకెట్లో ఉంటుంది. మూడు శాతం అని ఉందనుకుందాం. లీటరు డబ్బాలో ముప్ఫై గ్రాముల బాదం. అంటే పాతిక గింజలకు అటూఇటూ. రెండు వందలు దాటిన డబ్బాలో పాతిక బాదం గింజలు! అవే గింజలు రాత్రి నానబెట్టుకుని పొద్దున నమిలితే పీచుతో సహా కడుపులోకి పోతాయి కదా అని మా అత్తమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. శాతం ఎంత ఎక్కువుంటే డబ్బుకు అంత విలువ. సోయా, ఓట్స్ డబ్బాల్లో ఈ శాతం సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

4. చక్కెర: అసలు టెన్షన్ పడాల్సింది ఇక్కడ

నేను చేసిన తప్పు చెబుతాను. ఆ సీసా సంగతి అయ్యాక ఆన్‌లైన్‌లో ఒక బాదం డబ్బా తెప్పించాను. ముందు వైపు 'కొలెస్ట్రాల్ లేదు, లాక్టోజ్ లేదు' అని పెద్ద అక్షరాలు. మూడు వారాలు అదే తాగాను. రుచి బాగుందని మురిసిపోయాను కూడా. ఒకరోజు మా అమ్మాయి పట్టిక చదివి, "అమ్మా, ఇందులో వందకు ఎనిమిది గ్రాముల చక్కెర ఉంది" అంది. నేను రోజూ రెండు వందల మిల్లీలీటర్లు తాగుతున్నా. పదహారు గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు. చాయ్‌లో చక్కెర తగ్గించానని గొప్పలు చెప్పుకునే మనిషిని నేను. పైగా గింజలకు ఎప్పుడూ కొలెస్ట్రాల్ ఉండదు. లేనిదాన్ని లేదని రాయడం పెద్ద గొప్పేమీ కాదని అప్పుడు తెలిసింది.

పోషకాల పట్టికలో 'టోటల్ షుగర్స్', దాని కింద 'యాడెడ్ షుగర్స్' అని రెండు వరుసలుంటాయి. రెండోది సున్నా ఉండాలి. 'అన్‌స్వీటెన్డ్' అన్న మాట ఉన్న డబ్బా దాదాపు ఎప్పుడూ ఇదే చెబుతుంది. లిస్టులో చక్కెరకు మారుపేర్లు చాలా ఉంటాయి. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, ఖర్జూరం సిరప్, బెల్లం. బెల్లం అంటే మనకు ప్రేమ, కానీ లెక్కలో అదీ చక్కెరే. చక్కెర బదులు 955 అన్న నంబరు ఉంటే సుక్రలోజ్, 950 ఉంటే ఎసిసల్ఫేమ్, 960 ఉంటే స్టీవియా ఆకు నుంచి తీసిన తీపి. తీపి అలవాటు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు ఇవీ అక్కర్లేదు.

ఓట్స్ డబ్బాతో ఒక తిరకాసుంది. చక్కెర కలపకపోయినా 'టోటల్ షుగర్స్' దగ్గర మూడు నాలుగు గ్రాములు కనిపించవచ్చు. ఓట్స్‌ను మామూలుగా రుబ్బి వడకడితే జిగురు జిగురుగా గంజిలా ఉంటుంది. అది పాలలా జారడానికి ఎంజైములు వేస్తారు. అవి పిండిని విరగ్గొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. అందుకే నాలిక మీద కాస్త తియ్యగా తగులుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఓట్స్ పాలను మందులా చూడకుండా, అది కూడా పిండిపదార్థమేనని లెక్క వేసుకోవాలి.

5. నంబర్లు

ఇక అందరూ భయపడే భాగం. ఐఎన్‌ఎస్ 412, ఐఎన్‌ఎస్ 418, ఐఎన్‌ఎస్ 322 అంటూ లిస్టు చివర వరసగా ఉంటాయి. ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబర్లే ఈ ఐఎన్‌ఎస్‌లు. అవి రసాయన శాల నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. నంబరున్న ప్రతిదీ విషమైతే మన వంటసోడా కూడా విషమే. దాని కుటుంబం నంబరు 500.

నాకు బాగా గుర్తున్నది 412 సంగతి. గ్వార్ గమ్ అంటారు. ఇదేంటో చూద్దామని వెతికితే మన గోకరకాయ తేలింది. కాయ ముదిరాక గింజల నుంచి తీసే పొడి అది. రాజస్థాన్‌లో ఎకరాలకెకరాలు దీనికోసమే వేస్తారు. మా అత్తమ్మతో చెబితే, "గోకరకాయ కూర పెడితే ముఖం తిప్పుతవ్, డబ్బాల పెడితే పైసలిచ్చి తాగుతున్నవ్" అంది. నీళ్లూ గింజల పిండీ విడిపోకుండా పట్టి ఉంచడమే దాని పని. అదే పని 410 కూడా చేస్తుంది, అది కారబ్ చెట్టు గింజల పొడి. 415 జాంతన్, 418 జెల్లన్ బాక్టీరియాతో పులియబెట్టి తీసినవి. ఇవన్నీ కొద్ది మోతాదులోనే వేస్తారు. చాలామందికి ఏమీ కాదు. అయితే ఇవన్నీ ఒక రకం పీచులే కాబట్టి, నాలాగా ముందే కడుపు ఉబ్బరం ఉన్నవాళ్లకు ఒక్కోసారి గ్యాస్ రావచ్చు. నాకు రెండు గమ్‌లు కలిపిన డబ్బాతో వచ్చింది, ఒకటే ఉన్నదానితో రాలేదు. మీ కడుపు సంగతి మీరే చూసుకోవాలి. వారం ఒకే డబ్బా తాగి చూడండి, రోజుకొకటి మారిస్తే ఏది పడలేదో తెలియదు.

నేను వద్దనుకునే నంబర్లు వేరే ఉన్నాయి. 407 కారాజీనన్. సముద్రపు ఎర్ర నాచు నుంచి తీస్తారు. ఆహారంలో వాడటానికి అనుమతి ఉంది. జంతువుల పేగుల్లో పుండ్లు చేసినట్టు పరిశోధనల్లో తేలినది దీన్ని ముక్కలు చేసిన వేరే రూపం, ఆ రూపాన్ని ఆహారంలో వాడరు. కాబట్టి గాబరా అక్కర్లేదు. కానీ దీని మీద వాదన ఇంకా తెగలేదు, ఇది లేని డబ్బాలు పక్కనే ఉన్నాయి. అలాంటప్పుడు కడుపు బాగాలేని మనిషి దీన్నే ఎందుకు తాగాలి? 466, అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, దాన్నీ ఇదే కారణంతో పక్కన పెడతాను. 2015లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధనలో ఇది, 433 అనే ఇంకొకటి పేగుల్లోని మంచి బాక్టీరియాను చెదరగొట్టి వాపు తెచ్చాయని తేలింది. ఎలుకకు అయ్యింది కాబట్టి మనిషికీ అవుతుందని కాదు. తప్పించుకునే వీలుంటే తప్పించుకుంటానంతే.

471 అంటే కొవ్వుల నుంచి తీసే మోనో, డై గ్లిజరైడ్లు. అవి చెట్ల నూనె నుంచీ రావచ్చు, జంతు కొవ్వు నుంచీ రావచ్చు. వీగన్ గుర్తుంటే అనుమానం ఉండదు. 322 లెసిథిన్ సోయా నుంచో పొద్దుతిరుగుడు నుంచో వస్తుంది, దానితో గొడవ లేదు. సోయా అలర్జీ ఉంటే మాత్రం ఏ లెసిథినో చూడాలి.

340, 341 లాంటివి ఫాస్ఫేట్లు. కాఫీలో పోసినప్పుడు విరగకుండా ఉండటానికి 340 వేస్తారు, 341 కాల్షియం కోసం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇవి పోయకండి. కలిపిన ఫాస్ఫేట్ ఒంటికి త్వరగా పడుతుంది, దాన్ని బయటికి పంపే పని కిడ్నీలదే.

ప్రిజర్వేటివ్‌లు, అంటే 202, 211 లాంటివి, అట్టపెట్టె డబ్బాలో ఉండాల్సిన అవసరమే లేదు. ఆ పాలను కొన్ని సెకన్ల పాటు 135 డిగ్రీలు దాటేలా వేడిచేసి, గాలీ వెలుతురూ సోకకుండా మూస్తారు. అందుకే తెరవనంత కాలం బయటే ఉంటాయి. తెరిచాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి, డబ్బా మీద రాసిన రోజుల్లో అయిపోగొట్టాలి. మూడు నుంచి అయిదు రోజులని రాస్తారు సాధారణంగా. మన మే నెల ఎండల్లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే నేను రెండో రోజే పారబోస్తాను. టిన్నులో వచ్చే కొబ్బరి పాలలో 223, 224 కనిపిస్తే అవి సల్ఫైట్లు. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అవి పడవు.

ఇక నూనె. ఓట్స్ డబ్బాల్లో పొద్దుతిరుగుడు నూనో, రేప్‌సీడ్ నూనో కలుపుతారు, చిక్కగా అనిపించడానికి. అది కల్తీ కాదు, రాసే కలుపుతారు. కానీ నూనె వద్దనుకుంటే లిస్టులో చూసుకోండి. 'నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్' అని ఉంటే వాసన ప్రయోగశాలలో తయారైందని అర్థం. బాదం సరిపడా వేసినవాళ్లకు బాదం వాసన విడిగా కలిపే అవసరం ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు.

6. ఏమీ కలపనిది కావాలంటే ఒక నష్టం ఉంది

నీళ్లు, గింజలు, చిటికెడు ఉప్పు. ఇంతే ఉన్న డబ్బాలు దొరుకుతాయి. నేను మొదట వాటినే పట్టుకు తిరిగాను. తర్వాత తట్టింది, ఏమీ కలపలేదంటే కాల్షియం కూడా కలపలేదని. ఆవు పాలు, గేదె పాలు వంద మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల చుట్టూ కాల్షియం ఇస్తాయి. ఉత్త బాదం పాలలో దానికి చాలా తక్కువ. బి12 అయితే ఏ గింజలోనూ ఉండదు. పూర్తిగా పాలు, పెరుగు మానేసినవాళ్లు డబ్బాలో కాల్షియం, బి12, విటమిన్ డి కలిపారో లేదో చూడాలి. లేదంటే వేరే దారి వెతుక్కోవాలి. వీటికి కూడా నంబర్లుంటాయి. 170 అంటే కాల్షియం కార్బొనేట్, సున్నపురాయి జాతి. నంబరు చూసి దీన్ని వద్దంటే మీకు నష్టమే. కలిపిన కాల్షియం అడుగుకు దిగుతుంది, పోసే ముందు ప్రతిసారీ డబ్బా బాగా ఊపండి. మా ఇంట్లో మొదటి నెలంతా అడుగున మిగిలిన తెల్లటి బురదను కడిగి పారేశాం, కావాల్సిందంతా అందులోనే ఉందని తెలియక.

పెరుగూ మజ్జిగా తినేవాళ్లు ఈ లెక్కలు పెట్టుకోనక్కర్లేదు. చాయ్ కోసమే అయితే ఏమీ కలపనిదే తీసుకోండి.

7. చాయ్ పరీక్ష

కొత్త డబ్బా తేగానే చుట్టాలొచ్చిన రోజు చాయ్ పెట్టకండి. కాజీపేట నుంచి మా ఆడబిడ్డ వాళ్లొచ్చినప్పుడు అల్లం చాయ్‌లో బాదం పాలు పోసి మరిగించాను. ముక్కలు ముక్కలుగా విరిగి పైకి తేలాయి. "వదినా, పన్నీర్ చేస్తున్నవా?" అని అడిగింది. అంత నవ్వుతో చాయ్ ఎప్పుడూ తాగలేదు వాళ్లు.

విరగడానికి కారణం వేడి, పులుపు కలిసి గింజ ప్రొటీన్‌ను గడ్డకట్టించడం. బాదం, సోయా త్వరగా విరుగుతాయి. ఓట్స్ అంత త్వరగా విరగవు. విరగకుండా ఉండాలంటే డికాక్షన్ ముందు దించి ఒక నిమిషం ఆగండి. పాలను విడిగా గోరువెచ్చగా చేసి, గ్లాసులో పాలు ముందు పోసి డికాక్షన్ మెల్లగా కలపండి. కలిపాక మళ్లీ మరిగించొద్దు. 'బరిస్టా' అని, అంటే కాఫీ కోసం చేసినవని, రాసున్న డబ్బాలు అంత సులువుగా విరగవు కానీ, ఆ పని చేసేది ఇందాక చెప్పిన ఫాస్ఫేట్లూ నూనే. మీకు ఏది ముఖ్యమో చూసుకోండి.

8. ఇంట్లో తీసుకుంటే

ఇంత చదివాక, చక్కెర లేనిది, నంబర్లు లేనిది, గింజ ఎక్కువున్నది, చవకైనది ఒకే డబ్బాలో దొరకడం కష్టమని మీకూ అనిపించి ఉంటుంది. నాకు అనిపించి మిక్సీ తీశాను. మనది పల్లీలు పండే నేల, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాల్లో వస్తాయి. బాదం కోసం ఎక్కడికో పోవడమెందుకు?

ఒక కప్పు పచ్చి పల్లీలు, అంటే నూటయాభై గ్రాములు తీసుకోండి. ముందు పళ్లెంలో పోసి ఏరండి. ఈ పని మాత్రం తొందరగా చేయొద్దు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా పోనీయకండి. పల్లీలకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి చేటు, మరిగించినా పోదు. ఏరినవి రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు పారబోసి, రెండు చేతుల మధ్య నలిపితే పొట్టు ఊడి తేలుతుంది. పొట్టు తీస్తే పాలు తెల్లగా, వగరు లేకుండా వస్తాయి. నాలుగు కప్పుల మంచినీళ్లు పక్కన పెట్టుకుని, కొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బండి. తక్కువ నీళ్లతో మొదలుపెడితేనే మెత్తగా నలుగుతాయి, అన్నీ ఒకేసారి పోస్తే గింజలు గిరగిరా తిరుగుతాయే కానీ నలగవు. మిగిలిన నీళ్లు చివర్లో కలిపి, ఉతికిన పల్చటి మల్లు బట్టలో వేసి పిండండి. మొదట ధారగా కారుతుంది, తర్వాత చుక్కలు. చివరి చుక్కల్లోనే చిక్కదనం ఉంటుంది, చేతులు నొప్పెట్టేదాకా పిండాల్సిందే. ఆ పాలను మందంగా ఉన్న గిన్నెలో పోసి, అడుగంటకుండా గరిటె తిప్పుతూ పది నిమిషాలు మరిగించండి. పచ్చి వాసన పోయి, ఉడికించిన పల్లీల వాసన వస్తే అయినట్టు. ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి. పైన నీళ్లు, కింద పిండి విడిపోతాయి. గోకరకాయ పొడి లేదు కదా మరి, గరిటెతో కలుపుకోండి.

పల్లీల అలర్జీ ప్రమాదకరం. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ పని అసలు పెట్టుకోవద్దు.

సోయా పాలకైతే ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా బాగా వేస్తారు కాబట్టి విత్తనాల షాపులో సులువుగా దొరుకుతుంది. అక్కడ మాత్రం కొనకండి. విత్తనాలకు మందు పట్టించి ఉంటారు. తినడానికని అమ్మే గింజలే కొనండి. వంద గ్రాములు రాత్రి నానబెట్టండి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో, లేదంటే తెల్లారేసరికి పులుస్తాయి. రుబ్బేటప్పుడు చన్నీళ్లు పోస్తే పచ్చి చిక్కుడు వాసన వస్తుంది, కాగిన నీళ్లు పోస్తే తగ్గుతుంది. వేడి నీళ్లతో మిక్సీ మూత గట్టిగా బిగించకుండా, బట్టతో పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పండి. వడకట్టాక ఇరవై నిమిషాలైనా మరిగించాలి. పచ్చి సోయాలో ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే గుణం ఉంది, అది వేడికే పోతుంది. నురగ ముందే పొంగి మరిగినట్టు కనిపిస్తుంది. మరగలేదు, మంట తగ్గించి కానీయండి.

నువ్వుల పాలు కూడా ఇలాగే తీయొచ్చు. నువ్వుల్లో కాల్షియం చాలా ఉంటుందని విని మొదలుపెడతారు చాలామంది. నిజమే, కానీ ఎక్కువ భాగం పొట్టులో ఉంటుంది, వడకడితే పిప్పితోనే పోతుంది. ఉన్నదాన్నీ ఒళ్లు అంత సులువుగా తీసుకోదు. నువ్వుల కోసం సకినాలూ నువ్వుల లడ్డూలూ ఉన్నాయి, చాయ్‌లో పోసుకోవడానికి పల్లీ పాలే నయం. చాయ్‌లో పోసినప్పుడు కొద్దిగా పల్లీ వాసన వస్తుంది, ఒక యాలక్కాయ ఎక్కువ దంచి వేస్తే సరిపోతుంది.

పిండగా మిగిలిన పల్లీ పిప్పిని పారేయకండి. బియ్యప్పిండిలో ఉల్లిగడ్డ, కరివేపాకు, నానిన శనగపప్పు, నువ్వులతో పాటు ఈ పిప్పినీ కలిపి, గిన్నెకు పల్చగా ఒత్తి సర్వపిండి పెట్టండి. పిప్పి తడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు తక్కువ పోయాలి. మా అత్తమ్మ ఇప్పుడు నా పాల కోసం కాకుండా, ఆ పిప్పి కోసం పల్లీలు నానబెడుతోంది.